బట్టలు కుట్టినావిడ శిష్యురాలు

టెక్సస్‌లోని ప్లేనోలో మా ఆఫీసుకు వెళ్లే దారిలో, లాండ్రీకీ పళ్ల డాక్టరుకీ మధ్య ఇరుక్కుని ఒక డోనట్ షాపు ఉండేది. మా వైపు డోనట్ షాపు తలుపు తోసి లోపలికి వెళితే కౌంటర్ వెనక చాలాసార్లు కనిపించేది కంబోడియా వాళ్లే. ఎందుకలా అని ఎవరైనా అడిగితే నేను మూడు కారణాలు చెప్పేవాణ్ణి. మూడూ నేను కల్పించినవే.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు మొదటినుంచీ చేతకాదు. దాన్ని అబద్ధం అనేవాణ్ణి కాదు. వట్టి పప్పన్నం ఎవరైనా పెట్టగలరు, దాని మీద నెయ్యి వేసే చెయ్యి కావాలి కదా అనేవాణ్ణి. మా ఆవిడ మాత్రం, "మీరు వేసే నెయ్యిలో పప్పు కనపడి చచ్చిందెప్పుడు?" అనేది.

ఆ షాపు ఆవిడకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, గట్టిగా చుట్టిన ముడి, పంచదార అంటిన ఏప్రన్. వెనక పొయ్యి దగ్గర భర్త పిండి పని చూసుకునేవాడు, ముందు బేరం ఈవిడది. ఇంగ్లీషు ముక్కలుముక్కలుగా మాట్లాడేది. ఆ ముక్కల్ని నేనిక్కడ తెలుగులో అతికిస్తున్నాను. మొదటి పరిచయంలోనే ఆవిడకు, ఇండియాలో మా ఇంట్లో ఒక ఏనుగు ఉండేదనీ, మా నాన్న స్కూటర్ స్టార్టవకపోతే వెనకనుంచి తొండంతో తోసేదనీ చెప్పాను. మూడు వారాలు నమ్మింది. నాలుగో వారం కాఫీ కప్పు అందిస్తూ, "ఆ ఏనుగు ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది.

"ట్రాన్స్‌ఫర్ అయిందండీ" అన్నాను.

ఒక్క క్షణం చూసి కడుపు పట్టుకుని నవ్వింది. అప్పటినుంచీ స్నేహం.

ఆవిడ వేళ్లను మొదట గమనించింది నేను కాదు, మా అమ్మాయి. శనివారం దాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆవిడ డోనట్ల సంచీ అందించినప్పుడు నాలుగు వేళ్లూ వెనక్కి వంగి, విచ్చుకుంటున్న పువ్వు రేకుల్లా నిలిచాయి.

"నాన్నా, ఆంటీ ఫింగర్స్ చూడు! బ్యాక్‌వర్డ్స్ వెళ్తోంది!"

"మీ దేశంలో డోనట్లు ఇలాగే ఇస్తారా?" అన్నాను నేను.

"మా దేశంలో నాట్యం ఇలా చేస్తారు" అంది ఆవిడ. అన్నాక ఎందుకో సంచీ మీంచి చేతులు గబుక్కున తీసేసింది.

మా పిల్ల అంతకు ముందే కూచిపూడి క్లాసులో ఏడాది ఉండి మానేసింది. కారణం అడిగితే "టూ ఫాస్ట్, నాన్నా" అనేది. ఈ నాట్యం మబ్బు కదిలినంత నెమ్మదిగా ఉంటుందని విని ఎగిరి గంతేసింది. క్లాసు ఆ షాపులోనే. షాపు మధ్యాహ్నం ఒంటిగంటకే మూసేసేవాళ్లు, సాయంత్రం పిల్లలు బడినుంచి వచ్చాక బల్లలు గోడకు నెట్టి, నేల తుడిచి, ఏడుగురు ఆడపిల్లల్ని నిలబెట్టేది. ఆరుగురు వాళ్ల వాళ్లు, ఏడోది మాది. మొదటి ఆర్నెల్లూ వేళ్లు వెనక్కి వంచడం, మోచెయ్యి బయటికి తిప్పడం, మోకాళ్ల మీద కూర్చుని వీపు విల్లులా వంచడం, అంతే.

"ఆర్నెల్లయింది, ఇంకా వేళ్లేనా?" అంది మా ఆవిడ.

"పది ఉన్నాయి కదా, వేలికి ఇరవై రోజులు వేసుకో" అన్నాను.

ఒక వసంతం ఉదయం నేను షాపులో ఉండగా వడగళ్లు మొదలయ్యాయి. టెక్సస్ వడగళ్ల గురించి నేను నిజం చెప్పినా అతిశయోక్తిలాగే ఉంటుంది కాబట్టి చెప్పను. కారు దగ్గరికి వెళ్లే దారి లేక అరగంట పైగా అక్కడే చిక్కుకుపోయాను. వేరే బేరం లేదు. రేకు మీద మోతకు గొంతు పెంచి మాట్లాడుకోవలసి వచ్చింది. అప్పుడడిగాను, "ఇంతకీ మీరెవరి దగ్గర నేర్చుకున్నారు?" అని.

ఆవిడ కౌంటర్ తుడుస్తూ చెప్పింది. వాళ్ల దేశంలో సొంత ప్రభుత్వమే లక్షలమందిని చంపిన ఆ చెడ్డకాలంలో తల్లీతండ్రీ పోయారు. పదకొండేళ్ల వయసులో పిన్నితో నడిచి సరిహద్దు దాటి శరణార్థుల శిబిరానికి చేరింది. ఆ శిబిరంలో ఒక ముసలావిడ పిల్లలకు నాట్యం నేర్పేది.

"రాజుగారి కొలువులో నాట్యం చేసినావిడా?" అన్నాను నేను, నా పాటికి నేను ముందుకు పరుగెత్తుతూ.

"కాదు. ఆవిడ ఎప్పుడూ నాట్యం చెయ్యలేదు. బట్టలు కుట్టేది."

వాళ్ల నాట్యం దుస్తులకు గుండీలూ హుక్కులూ ఉండవట. ప్రతి ప్రదర్శనకూ నర్తకిని నిలబెట్టి, ఆ జరీ బట్టను ఒంటి మీదే బిగించి కుట్టేస్తారు. ఆట అయ్యాక కుట్లు కత్తిరించి విప్పుతారు. ఆ ముసలావిడ ముప్పై ఏళ్లు కోటలో ఆ పని చేసింది. కుట్టు తెగితే మళ్లీ వేయడానికి సూది పెదాల మధ్య పట్టుకుని తెర పక్కన నిలబడేది. ప్రతి నాట్యమూ అక్కడినుంచి చూసింది. ఆ చెడ్డకాలం తరవాత నర్తకీమణుల్లో చాలామంది మిగల్లేదు. ఆవిడ మిగిలింది.

"మాకు తాళం లేదు, వాద్యం లేదు. నీలం ప్లాస్టిక్ పట్టా మీద నిలబెట్టి నోటితో డోలు వాయించేది. నేను చెయ్యి తప్పుగా ఎత్తితే అనేది: ఈ భంగిమలో చంక కింద కుట్టు తెగాలి, నీకు తెగలేదు, అంటే నువ్వు ఎత్తలేదు. ఆవిడకు ఏ నాట్యంలో ఎక్కడ కుట్టు తెగుతుందో తెలుసు. అలా నేర్పింది."

వడగళ్లు ఆగాయి. ఆవిడ ఆగలేదు.

"నాకు అమెరికా కాగితాలు వచ్చినప్పుడు చెప్పింది. నువ్వు నేర్పు. కానీ ఎవరి దగ్గర నేర్చుకున్నావో చెప్పి నేర్పు. చెప్పడానికి సిగ్గయితే నేర్పకు, అంది."

అందుకే ఆవిడ ప్రతి కొత్త పిల్ల తల్లికీ మొదటిరోజే ఈ సంగతి చెప్పేదట. విని కొందరు పిల్లల్ని తిరిగి తీసుకుపోయారు. కుట్టుపనామె దగ్గర నేర్చుకున్నదీ ఒక నాట్యమేనా అని. పిల్లలచేత తనను వట్టి 'టీచర్' అనే పిలిపించుకునేది. వాళ్ల భాషలో గురువుకు ఉన్న పెద్దమాటను ఆ ముసలావిడకే ఉంచేసింది. గురువుల రోజు వాళ్లకూ గురువారమే. ఆ సాయంత్రం క్లాసుకు ముందు పిల్లలు ఒక పళ్లెం ముందు వంగి దణ్ణం పెట్టేవాళ్లు. పళ్లెంలో అరటిపళ్లు, అగరొత్తులు, ఒక దారపు ఉండ. ఫొటో ఎక్కడుంది అని మా అమ్మాయి అడిగితే, "ఆవిడకు ఎవరూ ఫొటో తియ్యలేదు" అందట.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేకుండా తెలుసు.

మూడేళ్లు గడిచాయి. మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమానికి కొత్త ఐటమ్ కావాలన్నాడు సెక్రటరీ. కరీంనగర్ వాడు, నాకు తమ్ముడిలాంటివాడు. పూలు చల్లి సభకు దీవెన ఇచ్చే నాట్యం ఒకటి ఉందని చెప్పాను. ఆవిడను ఒప్పించడానికి నెల పట్టింది.

"అన్నా, సావనీర్ల వేయాలె, అర పేజీ పరిచయం రాసియ్యి" అన్నాడు సెక్రటరీ. "జర గ్రాండుగ రాయి."

ఆ 'గ్రాండుగ' అన్నమాట నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, 'కోటలో నర్తకులకు దుస్తులు కుట్టిన ఒక వృద్ధురాలి దగ్గర' అని టైపు చేశాను. చదువుకుంటే చప్పగా అనిపించింది. మా సభకు వచ్చేది డాక్టర్లు, ఇంజనీర్లు, వాళ్ల అమ్మానాన్నలు. డోనట్ షాపావిడ, ఆవిడకు నేర్పింది కుట్టుపనావిడ అంటే మా పిల్ల ఏం నేర్చుకున్నట్టు? ఆ ఆలోచన వచ్చిందని రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి వెనక్కి పోతోంది. ఆ వాక్యం కొట్టేశాను. తరవాత వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి. 'రాజాస్థానపు ప్రధాన నర్తకి ప్రియశిష్యురాలు' అన్నాను. ఆ నర్తకి ఆడుతుంటే రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి విసిరారన్నాను. ఆ హారం తెగి ముత్యాలు దొర్లాయన్నాను. బాగా వచ్చింది. మా ఆవిడకు చూపించకుండానే పంపేశాను.

ఉగాది సభ ఒక హైస్కూల్ ఆడిటోరియంలో. పిల్లలు ముస్తాబు కావడానికి ఒక సైన్సు క్లాసురూము ఇచ్చారు. ఐదుగురు పిల్లలు ఆడుతున్నారు. ఆవిడ మధ్యాహ్నం రెండింటినుంచీ కుడుతూనే ఉంది. కుట్టేశాక పిల్లలు కూర్చోకూడదు, నీళ్లు తాగకూడదు, బాత్రూమ్ మాట తలవకూడదు. ఐదు గంటలకన్న కార్యక్రమం మనవాళ్ల లెక్కలో ఏడుకు మొదలవుతుందని ఆవిడకు చెప్పి, పని నిదానంగా మొదలుపెట్టించి ఉండవలసింది. అదీ చెప్పలేదు. నేను వెళ్లేసరికి నలుగురు పిల్లలు కుట్లలో బిగిసి, గోడకు ఆనించిన బొమ్మల్లా నిలబడి ఉన్నారు. మా అమ్మాయి చివరిది. నడుము దాకా అయింది, పైభాగం మిగిలింది.

నిలబడి నిలబడి విసిగి అది సభలో పంచే సావనీరు పుస్తకం తీసి తిరగేస్తోంది. ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలు దానివి.

"టీచర్, లుక్! మా నాన్న రాశాడు, మీ గురించి!" అని కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. "రా... జా... స్థా... న... పు..."

బిడ్డ తెలుగు చదువుతోందని మురిసిపోతూ గుమ్మంలో నిలబడ్డాను. 'ప్రధాన నర్తకి' దాకా వచ్చి అది ఆగింది. మిగతాదంతా లోపలే చదువుకుంది.

"నాన్నా, ఇది రాంగ్. దిస్ ఈజ్ సమ్‌బడీ ఎల్స్."

"ఏం రాసి ఉంది?" అని ఇంగ్లీషులో అడిగింది ఆవిడ, సూది ఆపకుండా. "చెప్పు."

పిల్ల నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అది చూసింది కూడా. చూసి, మొత్తం చెప్పింది. రాజు, నర్తకి, ముత్యాలు. ముత్యాల దగ్గరికి వచ్చేసరికి సూది ఆగింది.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు రాశారా?"

"అవునండీ. కొంచెం... అందంగా ఉంటుందని."

"ఇందులో నా గురువు ఎక్కడ?"

నేను పిల్ల చేతిలోని సావనీరు తీసుకుని మూశాను.

"మీకు చెప్పాను. వడగళ్లు పడ్డరోజు. మీకు తెలుసు."

"ఆవిడ గొప్పతనం మావాళ్లకు అర్థం కాదేమోనని..."

"ఇది అందరి దగ్గరా ఉందా?"

"వచ్చినవాళ్లందరి చేతిలోనూ ఉంది."

ఆవిడ అరవలేదు. సూదిని తన జాకెట్టు చేతికి గుచ్చుకుంది. బల్ల మీద కత్తెర తీసి పక్కన పెట్టుకుంది. "అందరికీ చెప్పి రండి. అప్పుడు కుడతాను. చెప్పకపోతే ఈ నలుగురివీ కత్తిరిస్తాను. గురువు పేరు దాచి ఆడితే, ఇక నేను నేర్పకూడదు. ఈరోజు ఒక్కటే కాదు. ఇక ఎప్పుడూ."

మా ఆవిడ అప్పుడే పూల బుట్టతో లోపలికి వచ్చింది. సంగతి పిల్ల నోట విని, నా వైపు చూసి, "ముందు మీ నోటికి వేయించాలి కుట్లు. నిలబడ్డారేం? వెళ్లండి!" అంది.

సెక్రటరీ తెర పక్కన చేతిలో కాగితాలతో చెమటలు కక్కుతున్నాడు.

"గిప్పుడా అన్నా? చీఫ్ గెస్టు స్పీచు అయిపోవస్తుంది. సావనీరు ఎవడు చదువుతడు? అందరు యాడ్లే చూస్తరు."

"రెండు నిమిషాలు ఇవ్వరా. లేకపోతే నీ ఐటమ్ లేదు."

"రెండే. జోకులెయ్యకు మల్ల."

మైకు ముందుకు వెళ్లాను. నేను నోరు తెరవకముందే ముందు వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. పదేళ్లుగా ఆ సభలో నా వంతు అదే మరి.

"సావనీరులో నేను రాసిన పరిచయం అబద్ధం" అన్నాను.

చప్పట్లు.

"నిజంగానే చెబుతున్నాను. ఆ రాజు, ఆ ముత్యాలు, అన్నీ కల్పన. ఈవిడ గురువు నర్తకి కాదు. నర్తకులకు బట్టలు కుట్టేది."

హాలు గొల్లుమంది. "మీ ఏనుక్కి కూడా కుట్టిందా అంకుల్?" అని వెనకనుంచి, నా ఏనుగు కథ విన్నవాళ్లెవరో కేక. ఇంకా పెద్ద నవ్వు. ఎంత కాదన్నా నా గొంతులో ఏదో తాళం ఉంది. నేను ఏం చెప్పినా అది చివర కొసరు నవ్వును పిలుస్తుంది. ఇన్నేళ్లూ దాన్ని నా సొత్తు అనుకున్నాను.

పక్కకు చూశాను. ఆవిడ తెర దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. తెలుగు ఒక్క ముక్క రాదు ఆవిడకు. నవ్వు మాత్రం ఏ భాషలోనైనా నవ్వే. నేను ఆవిడ గురువు గురించి చెబుతున్నాననీ, జనం నవ్వుతున్నారనీ ఆవిడకు అర్థమైంది. ఆ ముఖం చూశాక నా నోట తెలుగు రాలేదు.

ఇంగ్లీషులోకి దిగాను. నా ఇంగ్లీషులో కథ చెప్పే సత్తువ లేదు. అది ఆఫీసులో స్టేటస్ రిపోర్టులు ఇచ్చే ఇంగ్లీషు. ఏది అయింది, ఏది కాలేదు, ఎవరు చేశారు, అంతవరకే. ఆ గొంతుతోనే చెప్పాను. ఈవిడ గురువు కోటలో ముప్పై ఏళ్లు బట్టలు కుట్టింది. పక్కన నిలబడి చూసి నాట్యాలన్నీ గుర్తు పెట్టుకుంది. నాట్యం చేసినవాళ్లు చాలామంది చనిపోయారు. శిబిరంలో ప్లాస్టిక్ పట్టా మీద పిల్లలకు నేర్పింది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. మన సభకు తగదని నేనే తీసేశాను. తప్పు నాది.

నవ్వులు మధ్యలో ఎక్కడో ఆగిపోయాయి. చప్పట్లు కూడా లేవు. ముందు వరసలో ఒక పెద్దాయన చేతిలో సావనీరు మూసి ఒళ్లో పెట్టుకున్నారు. మైకు వదిలి వెనక్కి వచ్చేసరికి ఆవిడ తెర దగ్గర లేదు.

క్లాసురూముకు పరుగెత్తాను. మా అమ్మాయి చేతులు పైకెత్తి నిలబడి ఉంది. ఆవిడ భుజం దగ్గర కుడుతోంది. నా వైపు చూడలేదు. కుడుతూనే, "బట్ట కొస పట్టుకోండి. గట్టిగా. వదలకండి" అంది. పట్టుకున్నాను. ఆవిడ కుట్టు కుట్టుకూ నా వేళ్ల పక్కనుంచే సూది పోయేది. ఒక్కసారి కూడా గుచ్చుకోలేదు. గుచ్చినా నేను కిక్కురుమనేవాణ్ణి కాదు.

సెక్రటరీ మధ్యలో ఇద్దరు చిన్నపిల్లల చేత పద్యాలు చెప్పించి కాలం నెట్టాడు. నాట్యం జరిగింది. బాగా జరిగిందనే అనుకుంటాను. పొగడటానికి నాకు ఆ రోజు ధైర్యం లేదు.

తరవాత భోజనాలు స్కూలు కెఫెటీరియాలో. పులిహోర ట్రేల పక్కన నేను దుస్తుల పెట్టె మోసుకుని టీచర్‌తో నిలబడి ఉండగా ఒక ముసలావిడ మా దగ్గరికి వచ్చింది. ఆడిన పిల్లల్లో ఒకదాని అమ్మమ్మ, కంబోడియా ఆవిడే. మూడేళ్లలో క్లాసు జరిగే షాపులోకి ఆవిడ ఒక్కసారి కూడా రాలేదు. పిల్లను దింపి కార్లోనే కూర్చునేది. నేను స్టేజీ మీద ఇంగ్లీషులో చెప్పింది మనవరాలు ఆవిడకు చెప్పిందట. ఆవిడ టీచర్‌ను వాళ్ల భాషలో ఏదో అడిగింది. టీచర్ ఏదో చెప్పింది. ఇద్దరి ముఖాలూ మారాయి.

"ఏమంటున్నారు?" అన్నాను ఆగలేక.

"ఏ శిబిరం అని అడిగింది. ఈవిడ కూడా అక్కడే ఉండేది, అటుపక్క భాగంలో."

పెట్టె కింద పెట్టేశాను. "మరైతే మీ గురువును చూశారా? తెలుసా?"

టీచర్ ఆ ముసలావిడను అడిగింది. ముసలావిడ చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

"తెలియదట. చాలామంది ఉండేవాళ్లు" అంది టీచర్.

ఇక్కడ నేను 'తెలుసు' అందని రాయగలను. ఆ ముసలావిడ కళ్ల నీళ్లు పెట్టుకుందనీ, గురువు పేరు చెప్పి చెయ్యి పట్టుకుందనీ రాయగలను. పాఠకులు నమ్ముతారు కూడా. కానీ ఆవిడకు తెలియదు.

తెలియదు కాబట్టే టీచర్ కూర్చుని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఆ భాష రాదు. చేతులు మాత్రం కనిపించాయి. ఒకసారి పెదాల మధ్య సూది పట్టినట్టు, ఒకసారి నేల మీద పట్టా పరిచినట్టు, ఒకసారి నోటితో డోలు. ముసలావిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. నేను అర్థం అడగలేదు. వలంటీర్లు బల్లలు మడతపెట్టుకుంటూ వచ్చి, వాళ్లిద్దరి ముందున్న బల్లను మాత్రం వదిలేసి, చుట్టూ తిరిగి వెళ్లిపోయారు.